నోరూ చెయ్యీ

నాకు రెండు సీట్లు వచ్చాయి. ఒకటి టెక్నికల్ కాలేజీలో, యంత్రాల డిజైన్‌లో ఎంటెక్. రెండోది బిజినెస్ కాలేజీలో ఎంబీఏ. ఏది కావాలో శుక్రవారంలోగా చెప్పాలి, చెప్పకపోతే రెండూ పోతాయి. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మా వీధిలో సగం మందికి తెలుసు. ఒక్క నాకే ఏమీ అనిపించడం లేదు.

అనిపించకపోవడం అంటే, పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది చూడండి, అన్నయ్య పోయినప్పటినుంచీ నేనంతా అలాగే ఉన్నాను. తింటున్నాను. లాండ్రీ కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళని చూసి నవ్వుతున్నాను కూడా. ఎంబీఏ సీటు వాడుండగానే వచ్చింది. బీటెక్ చదివినదాన్నే, ఎంటెక్ ప్రవేశపరీక్ష మాత్రం వాడు పోయాక రాశాను. ఎందుకు రాశానంటే, పరీక్ష హాల్లో ఎవరూ ఓదార్చరు. తీరా చూస్తే మంచి ర్యాంకు వచ్చింది. "దుఃఖంలో నీ బుర్ర భలే పనిచేస్తుందే!" అన్నాడు బాబాయి. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో ఆయనకే తెలియాలి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒక మాట చెప్పి పోతున్నారు. రంగుల దుకాణం నడిపే బాబాయి ఎంబీఏ అంటాడు. "వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకి మర బిగించడం దేనికమ్మా? మర బిగించేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. అమ్మేవాళ్ళే దొరకరు." పిన్ని ఆయనకి ఎదురు చెప్పడం కోసమే ఎంటెక్ అంటుంది. "సరుకు లేకుండా ఏం అమ్ముతుందండీ, గాలా?" ఇద్దరూ నా ముందే పోట్లాడుకుంటారు, టీ తాగుతారు, వెళ్ళిపోతారు. నాన్న ఏమీ అనడు. నేను గోడ మీద పిల్లిలా కూర్చుని అందరికీ తలూపుతాను.

మాది లాండ్రీ అని చెప్పాను కదా. మా నాన్న పెట్టిన రూలు ఒకటుంది: కౌంటర్ మనిషి లోపలికి వెళ్ళకూడదు, లోపలి మనిషి కౌంటర్‌కి రాకూడదు. చొక్కా మీద మరక పోలేదనుకోండి, గిరాకీ గొడవ పెట్టుకుంటాడు. ఉతికినవాడు ఎదురుగా ఉంటే గొడవ వాడితో. వాడు మాటకి మాట అంటాడు, గిరాకీ పోతుంది. కౌంటర్ మనిషైతే "అయ్యో, అలాగా సార్, నేను లోపల కనుక్కుంటాను" అని తియ్యగా పంపించేస్తుంది. లోపల ఎవరు ఏం తిప్పలు పడుతున్నారో ఆమెకి తెలియకపోవడమే మంచిది. తెలిస్తే మొహంలో కనబడుతుంది. మా నాన్న దుకాణం ఈ ఒక్క రూలు మీద నిలబడింది. నేను కౌంటర్, అన్నయ్య లోపల. వాడు నాకంటే రెండేళ్ళు పెద్ద. చుట్టాలు మా ఇద్దరినీ కలిపి 'నోరూ చెయ్యీ' అనేవాళ్ళు. నోరంటే నేనని వేరే చెప్పక్కర్లేదు.

ఇస్త్రీ పని దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఆవిరి ఇస్త్రీ పెట్టెకి ఒక జబ్బుంది. బాయిలర్ దగ్గర బయల్దేరిన ఆవిరి గొట్టంలో అంత దూరం వచ్చేసరికి చల్లబడి కొంత నీరైపోతుంది. ఆ నీరు పెట్టె కింద చిల్లుల్లోంచి చొక్కా మీద పడుతుంది. మా పనివాళ్ళు పెట్టె ఉమ్మిందంటారు. తుప్పుపట్టిన గొట్టమైతే గోధుమరంగులో ఉమ్ముతుంది. తెల్లచొక్కా మళ్ళీ ఉతకాలి. అన్నయ్య దీనికోసం చిన్న డబ్బా ఒకటి చేశాడు. పెట్టెకి జానెడు ముందు గొట్టానికి బిగిస్తే, అది నీటిని పక్కకి తీసేసి పొడి ఆవిరినే ముందుకి పంపుతుంది. లోపల ఒక స్ప్రింగు, దాన్ని బిగించడానికి పైన ఒక మర. దానికి నేనే 'పొడిడబ్బా' అని పేరు పెట్టాను. పేరు పెట్టాక అమ్మకుండా ఉండగలనా?

హోటళ్ళకీ ఆసుపత్రులకీ సొంత లాండ్రీలుంటాయి. వాటికి తిరిగాను. అందరిదీ ఒకటే ప్రశ్న: "దీన్ని మళ్ళీ మళ్ళీ చూసుకోవాలా?" నా జవాబూ ఒకటే: "ఒకసారి పెడితే మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదండీ." ఈ మాట అన్నయ్య చెప్పింది కాదు. నా నోటికి అలా వచ్చింది. వాళ్ళ మొహాలు విచ్చుకోవడం చూసి దాన్నే పట్టుకున్నాను. మా నాన్న ఎప్పుడూ ఏడిపించేవాడు, "నీ మాటలు కోటలు దాటతాయే, కాళ్ళే గడప దాటవు" అని. నేను నవ్వేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది కూడా మన పెద్దవాళ్ళే కదా అనేదాన్ని.

ఒక్కో లాండ్రీ ఒప్పుకుంది. అన్నయ్య వెళ్ళి బిగించి వచ్చేవాడు. ఎలా బిగించావని నేనడగలేదు, ఏం చెప్పి అమ్మావని వాడడగలేదు. మా రూలు మేం పాటించాం. దాన్ని కంపెనీ చేద్దామనుకున్నాం. నేను ఎంబీఏ చదివి రావాలి, ఈలోపు వాడు డబ్బాని ఇంకా మెరుగు చెయ్యాలి. వాడు లారీ కింద పడేదాకా ఇదే మా ప్లాను.

బిజినెస్ కాలేజీ మేడమ్ ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడింది. వాళ్ళ క్లాసులు శని, ఆదివారాల్లోనే, పనిచేసుకునేవాళ్ళ కోసం అలా పెట్టారట. డబ్బా గురించి విని ఆవిడకి ఉత్సాహం వచ్చేసింది. "ఇంజినీర్లని పెట్టుకోవచ్చమ్మా. వ్యాపారం తెలిసిన బుర్రని పెట్టుకోలేం. ఆ బుర్ర మీదే కావాలి" అంది. నిజమే అనిపించింది. అనిపించింది అంటున్నాను గానీ, నిజమేనండీ అన్నానంతే.

టెక్నికల్ కాలేజీ ప్రొఫెసర్ అంత మర్యాదస్తుడు కాదు. ఇంటర్వ్యూలో "నువ్వేం తెలుసుకోవాలనుకుంటున్నావు?" అనడిగాడు. నేను కొత్త ఆవిష్కరణలన్నాను, చిన్న పరిశ్రమలన్నాను, సమాజానికి ఉపయోగమన్నాను. ఆయన పూర్తిగా విన్నాడు. "ఇవన్నీ నువ్వు మాకు చెప్పగలిగినవి. నీకు తెలియనిదేంటో చెప్పు" అన్నాడు. ర్యాంకు ఉంది కాబట్టి సీటు ఇచ్చారు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. మొదట ఊరి చివర పెద్ద హోటల్ లాండ్రీ నుంచి. "మీ డబ్బా ఉమ్ముతోందండీ." "చూస్తానండీ" అన్నాను. తర్వాత ఆసుపత్రి లాండ్రీ. తర్వాత యూనిఫారాలు ఉతికే చోటు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ అదే మాట. ప్రతివాళ్ళకీ ఓ తియ్యటి మాట చెప్పి పెట్టేశాను. కౌంటర్‌లో పెరిగినదాన్ని, అది నాకు నిద్రలో కూడా వస్తుంది. డబ్బా పాడైతే కంపెనీ లేదు. కంపెనీ లేకపోతే ఎంబీఏ ఎందుకు, ఎంటెక్ ఎందుకు? ఇంత ఆలోచన వచ్చినా గుండె ఓ పిసరు కూడా వేగంగా కొట్టుకోలేదు. హోటల్ వాళ్ళు నాలుగోసారి ఫోన్ చేస్తే, ఇక తప్పించుకోలేక మంగళవారం మధ్యాహ్నం వెళ్ళాను.

ఆ లాండ్రీ హోటల్ కింద నేలమాళిగలో ఉంది. తడి దుప్పట్ల వాసన, బాయిలర్ రొద. వరసగా ఇస్త్రీ బల్లలు. అక్కడ ఇస్త్రీ చేసేవాళ్ళందరికీ పెద్ద అయిన ఒకావిడ, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెట్లవైపు చూసింది.

"మీరొచ్చారేంటమ్మా? ఆ బాబు రాలేదా? మానేశాడా?"

"ఏ బాబు?"

"మీ అన్నయ్యండీ. ఆదివారం ఆదివారం వచ్చి మర బిగించి పోయేవాడు కదా. మా మేనేజరు లేనప్పుడే వచ్చేవాడు. ఇప్పుడు రావట్లేదు, అందుకే కదా ఇది ఉమ్ముతోంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ప్రతి ఆదివారమా?" అన్నాను.

"ఆ! ఇక్కడ అయ్యాక ఆసుపత్రికి, అట్నుంచి ఇంకా ఎక్కడెక్కడికో పోయేవాడు. వేడికి స్ప్రింగు వారానికే వదులైపోతుందట. ఎందుకయ్యా ఈ తిరుగుడు, మీ చెల్లెలికి చెప్పి మంచి స్ప్రింగు వేయించుకోవచ్చు కదా అన్నాను ఓసారి." ఆవిడ నవ్వింది. "మా చెల్లి ఒక మాట అనేసిందండీ, మంచి స్ప్రింగు దొరికేదాకా ఆ మాట నిలబెట్టాలి కదా అన్నాడు. మీకు చెప్పొద్దని కూడా అన్నాడు. ఇప్పుడు చెప్పేశాను, ఏమనుకోకండి. బాబు బావున్నాడా?"

పోయాడని చెప్పాను. ఎలా అనడిగింది. మీ హోటల్ బయట మలుపులో, ఆదివారం పొద్దున, లారీ అన్నాను. ఆవిడ చేతిలో ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. ఆ రోజు మెట్ల మీదినుంచి జనం మూగడం చూసిందట, ఎవరో అనుకుందట. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను ఆవిడని ఓదార్చాను. ఓదార్చడం కూడా కౌంటర్ పనే.

ఆ ఆదివారం ఆ రోడ్డు మీద వాడికేం పని అని మా ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు తెలిసింది. నా మాట కోట దాటింది, వాడి కాళ్ళు గడప దాటాయి. వాడు నాతో "నువ్వు చెప్పింది తప్పే, ఇది వారానికోసారి చూడాలి" అని ఒక్క ముక్క అనుంటే సరిపోయేది. అనలేదు. లోపలి మనిషి కౌంటర్‌కి రాకూడదు కదా. నాకు వాడి మీద కోపం రావాలి, నా మీద నాకు అసహ్యం వెయ్యాలి. బస్సులో కూర్చుని రెండింటికోసమూ ఎదురుచూశాను. ఏదీ రాలేదు. ఇలాంటిది విన్నాక కూడా ఏమీ రాలేదంటే, ఇక జన్మలో ఏదీ రాదేమోనని మాత్రం కొంచెం భయం వేసింది.

వదిన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. వంటింట్లో చిక్కుళ్ళు వలుస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అన్నయ్య పోయాక తను పుట్టింటికి వెళ్ళిపోలేదు. మాతోనే ఉంది, కానీ మాటలు తగ్గించేసింది. దుఃఖం అనుకున్నాం. నేను హోటల్లో విన్నదంతా చెప్పాను, ఆ పెద్దావిడ అన్న మాట కూడా దాచకుండా చెప్పాను.

వదిన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఆదివారాలు స్నేహితుడింటికి అని చెప్పి వెళ్ళేవాడు" అంది. "ఆ స్నేహితుడు మనిషి పోయినప్పుడు కూడా రాలేదు. అప్పుడే అనుకున్నాను, స్నేహితుడు కాదు, ఎవరో ఉందని. ఎలా ఉంటుందో, ఏ వయసో, నాకంటే బావుంటుందేమో అని రోజూ ఆలోచిస్తున్నా. వీధిలో ఆడవాళ్ళని చూస్తే ఈవిడేనేమో అనిపించేది." తలెత్తి నన్ను చూసింది. "చివరికి ఆవిడవి నువ్వన్నమాట."

నేనో చిక్కుడుకాయ తీసుకుని వలవడం మొదలుపెట్టాను.

"ఎందుకన్నావే ఆ మాట? మళ్ళీ చూడక్కర్లేదని?"

"వినడానికి బావుంటుందని."

"బానే ఉంది" అంది వదిన. మిగిలిన కాయలు అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ రాత్రి కూర నేనే వండాను, ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నాన్న అలాగే తిన్నాడు. మర్నాడు పొద్దున్న వదిన పనికి వెళ్ళే చీర కట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడింది. ఏడ్చినట్టే ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. "ఇంతకీ ఈ ఆదివారం ఎవరు వెళ్తారు?" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి! మర బిగించడానికి. ఆయన నీ మాట కోసం చచ్చాడు. అది ఉమ్ముతూ కూర్చుంటే ఎలా?"

ఇక శుక్రవారం దాకా ఆగలేదు. ఆదివారాలు క్లాసులుండే చదువు నాకు కుదరదని బిజినెస్ కాలేజీ మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ చాలా నొచ్చుకుంది. "టెక్నీషియన్‌ని పెట్టుకోవచ్చమ్మా, దానికోసం మీరు చదవాలా?" అంది. "పెట్టుకున్నామండీ. పోయాడు" అన్నాను. ఆ చదువు చెడ్డదని కాదు. లెక్కగా అమ్మడం, నిలబడే కంపెనీ కట్టడం, అవి కూడా నాకు రావు. కానీ మాట ముందు, సరుకు వెనక నడవడం నేను చదవకుండానే నేర్చుకున్నాను, దాని మీద పట్టా కూడా దేనికి?

టెక్నికల్ కాలేజీకి స్వయంగా వెళ్ళాను. ప్రొఫెసర్ తన గదిలో పెన్సిలు చెక్కుకుంటున్నాడు. అడక్కుండానే చెప్పాను. "ఆవిరి వేడికి స్ప్రింగు వారంలో ఎందుకు వదులవుతుందో నాకు తెలీదు సార్. అది తెలుసుకోవాలి."

"ఏ లోహం?" అన్నాడు.

"అదీ తెలీదు."

"కనుక్కుని రా" అని మళ్ళీ పెన్సిలు చెక్కుకున్నాడు. మాట అంతే, కానీ ఈసారి నన్ను చూసి చెప్పాడు.

ఆదివారం పొద్దున్నే వదినా నేనూ బయల్దేరాం. స్కూటరు నేను నడిపాను. వదిన వెనక కూర్చుని అన్నయ్య పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుంది. హోటల్‌కి ముందు వెళ్ళాం. మర ఎటు తిప్పాలో తెలియక మొదట తప్పు వైపు తిప్పాను, పెట్టె ఇంకా ఎక్కువ ఉమ్మింది, నా చేతి మీదే ఉమ్మింది. ఇస్త్రీ పెద్దావిడ చల్లటి నీళ్ళు పోసింది. వదిన "రెండో వైపు తిప్పవే" అంది. తిప్పితే ఆగింది. వారం వారం వస్తామని చెప్పి, ఒకసారి పెడితే చాలన్నది నేను తెలియక అన్న మాట అని అక్కడ మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన విసుక్కున్నాడు గానీ డబ్బాని ఉంచుకున్నాడు.

తర్వాత ఆసుపత్రి లాండ్రీ. అక్కడ సూపర్‌వైజరు ఆదివారం కూడా ఉన్నాడు. డాక్టర్ల తెల్లకోట్లు ఒక కుప్ప తెచ్చి నా ముందు పడేశాడు, అన్నిటి మీదా గోధుమరంగు చుక్కలు. నేను డబ్బా బిగిస్తుంటే నా వెనకే నిలబడ్డాడు.

"ఒకసారి పెడితే మళ్ళీ చూడక్కర్లేదన్నారు."

"అన్నానండీ. అది నిజం కాదు. వారానికోసారి బిగించాలి. ఇన్నాళ్ళూ మా అన్నయ్య బిగించాడు."

"మరి ఇది పూర్తిగా ఎప్పటికి బాగవుతుంది?"

నోరు తెరిచాను. జవాబులు వరసగా వచ్చి నిలబడ్డాయి, ఒకదాన్ని మించి ఒకటి తియ్యగా ఉన్నాయి. ఇదిగో అదిగో అనొచ్చు, ప్రొఫెసర్‌గారు చూస్తున్నారనొచ్చు, కొత్త మోడల్ వస్తోందనొచ్చు. వాటిలో ఏది అన్నా ఆయన మొహం విచ్చుకుంటుంది. డబ్బా అక్కడే ఉంటుంది.

"తెలీదండీ" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. కౌంటర్ దగ్గర పెరిగిన ఇన్నేళ్ళలో ఆ మాట ఒక గిరాకీతో అనడం అదే మొదటిసారి.

ఆయన చెడ్డమనిషేం కాదు. "అలాగైతే తీసేయండమ్మా. ఇక్కడ కోట్లు పాడైతే నేను జవాబు చెప్పుకోవాలి" అన్నాడు.

బతిమాలలేదు. ఆవిరి కట్టేయించి, డబ్బా విప్పి, దాని చోట పాత గొట్టం ముక్క బిగించాను. వదిన డబ్బాని గుడ్డలో చుట్టి పట్టుకుంది. బయటికొచ్చి స్కూటరెక్కాం. గేటు దాటామో లేదో, వెనకనుంచి వదిన "ఇదింకా వేడిగానే ఉందే" అంది.

బండి పక్కకి ఆపేశాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. హ్యాండిల్ మీద తల పెట్టి, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా ఆపుకోలేక, "అన్నయ్యా" అని గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చాను. చెయ్యి కాలిన చోట కూడా మంట అప్పుడే తెలిసింది. వదిన నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడువు, ఏడువు" అంది. "తర్వాతి లాండ్రీ ఎటో చెప్పి ఏడువు. పక్కకి జరుగు, బండి నేను నడుపుతాను."